నిలబెట్టి కొట్టిన మేకు

గోరుఉలి కింద ఏదో మారిందని గోపాలకృష్ణయ్యకి ముందు ముక్కు చెప్పింది. పచ్చి చింతకర్ర తిరుగుతున్నంతసేపూ షెడ్డు నిండా పులుపు వాసన ఉంటుంది. అది తగ్గి, పాత కుళాయి నీళ్ల వాసన వచ్చింది. స్విచ్చి ఆపాడు. మోటారు ఆగినా, దుంగ తన బరువుకి తాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి నిలబడింది.

కళ్లద్దాల మీది పొట్టు పంచె చెంగుతో తుడుచుకుని వంగి చూశాడు. గిన్నె బయటి వంపు నిన్ననే అయిపోయింది. ఈవేళ లోపల తొలుస్తున్నాడు. జానెడు లోతు రావాలి. బెత్తెడు వచ్చింది. లోపలి గోడ మీద, లేత పసుపు కర్రకీ నడిమి చేవకీ మధ్య, నీలం కలిసిన నల్లచార ఒకటి పొగ పాకినట్టు ఉంది. చేవ నలుపు వేరు, ఇనుము తగిలిన కర్ర నలుపు వేరు. ఈ లేత్ అమ్మిన మంచం కోళ్ల మేస్త్రీ ఆ రోజే చెప్పాడు. "నల్లచార కనపడితే ఉలి పక్కన పెట్టండి సారూ. ఇనుము మీకంటే ముందొచ్చి కూర్చుందన్నమాట."

ఉలి పక్కన పెట్టాల్సింది. కానీ ఆదివారం సింధు శ్రీమంతం. ఇవాళ బుధవారం. ఏడో నెల కడుపుతో ఉన్న కూతురి చేతులకి తొడిగే గాజులు స్టీలు పళ్లెంలో కాక తన చేత్తో తీసిన గిన్నెలో ఉండాలని ఆయన కోరిక. సబ్‌స్టేషన్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పొద్దున పూజ అయ్యాక అన్నం వేళ దాకా ఈ షెడ్డే ఆయన లోకం. తీసిన గిన్నెల్లో సగం పగిలేవి, సగం ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. ఇది మాత్రం ఇంట్లో ఉండిపోవాల్సిన గిన్నె.

బోర్డు తగిలించడానికి కొట్టిన సీల అయ్యుంటుంది అనుకున్నాడు. ఆ చెట్టు రోడ్డు పక్కది. ఎన్నికలకొక బోర్డు, ఎరువులకొక బోర్డు. మళ్లీ మోటారు వేసి ఉలిని నెమ్మదిగా ఆనించాడు.

టక్కుమంది. ఉలి చేతిలోంచి ఎగిరి రేకు తలుపుకి తగిలింది. దాని అంచు గోరంత లేచిపోయింది.

దుంగని విప్పకుండానే, సన్న ఉలితో చార వెంట కొద్దికొద్దిగా చెక్కాడు. ముందు తల కనపడింది. గుండ్రటి తల కాదు, కొలిమిలో సాగగొట్టిన పలకల తల. బజారులో దొరికే సీల కాదు. పట్టకారుతో పట్టి అటూ ఇటూ ఆడిస్తే, పాత తలుపు కీలు చప్పుడు చేస్తూ వచ్చింది. నాలుగంగుళాల మేకు. దాని మెడకి ఏదో చుట్టి ఉంది. కొబ్బరి పీచు అనుకుని గోటితో విప్పాడు. పీచు కాదు. మెత్తగా, నల్లగా, మొన్ననే దువ్వినట్టు మెరిసింది.

జుట్టు. ఆడమనిషి జుట్టు.

గోపాలకృష్ణయ్య స్టూలు మీద కూర్చున్నాడు. వేళ్లకి చుట్టుకున్న ఆ పాయని విదిలించుకోలేకపోయాడు. రామ రామ అని పైకే అన్నాడు. అనగానే కుడి అరచేతిలో, నలభై ఆరేళ్ల కిందట పట్టుకున్న ఇంకో జుట్టు బరువు తెలిసింది. నూనె రాసిన, బతికున్న, గుంజుకుంటున్న జుట్టు.

"పిలుస్తుంటే పలకరేంటండీ? మోటారు ఆగి గంటయింది," అంటూ వీరరాఘవమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. ఆయన చేతిలోకి చూసింది. గ్లాసు లేత్ మీద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందది?"

ఆయన పాయ చుట్టుకున్న వేళ్లు మడిచాడు.

"ఆ చెట్టేనా? మీ ఊరి చివర చెట్టేనా? రోడ్డుకి కొట్టేశారని మీరు చూడబోయి తెచ్చింది?"

"అదే."

"గాలి సోకినోళ్లని తీసుకెళ్లి మేకు కొట్టించే చెట్టని తెలిసీ తెచ్చారా ఇంట్లోకి?"

"చెట్టే పోయింది గదా, ఇంకేముందనుకున్నా. కర్ర మంచిది."

"కర్ర మంచిదంట!" ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లోపల నిండుచూలాలు పడుకుని ఉంది. పోయినేడు నాలుగో నెల్లో పోగొట్టుకుని, గుడి గుడీ తిరిగి, ఇప్పటికి ఏడో నెల చూసింది. మీరేమో కట్టేసినదాన్ని పీకి చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఇది ఎవరిదో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాడు. "మణెమ్మక్కది."

మణెమ్మ ఆయన పెదనాన్న కూతురు. ఆ పేరు ఈ ఇంట్లో పలికి చాలా కాలమైంది. వీరరాఘవమ్మ గొంతు తగ్గించి అంది. "సింధుకి చెప్పమాకండి. ఎడ్లపాడు దగ్గర ఒకాయన ఉన్నాడంట. మా చెల్లెలు చెప్తుండేది. శుక్రవారం రమ్మంటా. ఇంకో చెట్టుకి కొట్టిస్తే సరిపోతుంది. ఆదివారం లోపల అయిపోవాలి. మీరు దాన్ని ఇంట్లోకి తీసుకురావద్దు."

ఆమె వెళ్లాక ఆయన మేకునీ జుట్టునీ తెల్ల గుడ్డలో చుట్టాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దేవుడి గదిలో పెట్టకూడదు, వీధిలో పారెయ్యకూడదు. చివరికి ఉలుల పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే శ్లోకం సగంలో ఆగిపోయింది. రోజూ తప్పకుండా చదివేదే. ఒక మేకుకీ రెండు మంత్రాలకీ కట్టుబడి ఉండే గాలి, ఇన్నేళ్లుగా ఇంట్లో వెలిగే దీపానికి ఎందుకు జంకదు అన్న ప్రశ్న వచ్చింది. అలా అడగడం తప్పేమోనని లెంపలు వేసుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

*

గురువారం పొద్దున బ్యాంకులో పని ఉందని చెప్పి బయల్దేరాడు. గుడ్డ మూట చొక్కా లోపలి జేబులో ఉంది. చిలకలూరిపేటలో బస్సు మారి, ఎడ్లపాడులో దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాడు. ఊరి చివర చెట్టున్న చోట ఇప్పుడు కంకర పరిచి ఉంది. ఆటో దాని మీదుగా ఎగిరెగిరి పోతుంటే ఆయన కళ్లు రోడ్డు మీద నిలపలేకపోయాడు.

మణెమ్మ ఇల్లు మాలక్ష్మమ్మ గుడి సందులో. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు చిన్న వసారా. వసారాలో గోనె పట్టా పరుచుకుని, మిరపకాయలకి తొడాలు తీస్తోంది. ఎర్ర కుప్ప ఒక పక్క, తొడాల కుప్ప ఇంకో పక్క. అరవై ఆరేళ్ల మనిషి, గెడకర్రలా ఉంది. తల మీద జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. నుదుట మాత్రం రూపాయి కాసంత బొట్టు.

"ఎవరది? గోపాలమా?" కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏందిరా, మీ నర్సరావుపేటలో కరెంటు పోయిందా, ఇటొచ్చావు?"

"నిన్ను చూద్దామనే వచ్చానక్కా."

"చూడు మరి. టిక్కెట్టు లేదులే. అట్టా గాలి వచ్చే వైపు కూర్చోమాక, ఘాటు కొడుతుంది. ఇటు కూర్చో."

ఆయన తుమ్మి, గోడవార పీట మీద కూర్చున్నాడు. ఆమె లేచి చేతులు పిండితో రుద్ది కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, మళ్లీ పట్టా మీద కూర్చుంది. తొడిమ పట్టుకుని చిటుక్కున విరవడం, కాయ ఒక వైపు, తొడిమ ఒక వైపు. ఆమె చేతులు ఎటో చూస్తూనే పని చేస్తున్నాయి.

"ఇంటామె బాగుందా? పిల్లకెన్నో నెల?"

"ఏడు. ఆదివారం శ్రీమంతం."

"ఊఁ." ఇంకో కాయ.

అనాల్సిన మాటలన్నీ బస్సులోనే కూర్చుకున్నాడు. అవేవీ అనకుండా జేబులోంచి మూట తీసి, ముడి విప్పి, ఇద్దరి మధ్యా పట్టా అంచున పెట్టాడు. మేకు మీద ఎండ పడింది.

మణెమ్మ చేతులు ఆగాయి.

"చింతచెట్టు కొట్టేశారు గదక్కా. అందులో ఒక దుంగ నేను తీసుకెళ్లా. గిన్నెలు తీస్తుంటా, నీకు తెలుసో లేదో. నిన్న లోపల ఇది తగిలింది." గొంతు సవరించుకున్నాడు. "ఇదేం చెయ్యమంటావో నిన్నడుగుదామని. ఇంటామె ఇంకో చెట్టుకి కొట్టించమంటోంది. నీ జుట్టు నువ్వడగకుండా మళ్లీ కొట్టడం..." ఆగిపోయాడు. "అక్కా, ఆ రోజు పట్టుకున్నది నేను. నీ జుట్టు చెట్టు చుట్టూ తిప్పి రెండో వైపు నుంచి లాగిపెట్టి పట్టుకోమన్నారు. పట్టుకున్నా."

"తెలుసులేరా."

"పదహారేళ్లే నాకు."

"నాకు ఇరవై. కాపరానికెళ్లిన ఇరవయ్యో రోజు వచ్చేశా. పోను అన్నా. ఎందుకు పోనో చెప్పే మాటలు నాకప్పుడు రావు, అడిగినోళ్లూ లేరు. అన్నం మానేశా. గాలి అన్నారు." ఆమె మామూలుగా చెప్పింది. "నువ్వు కళ్లు మూసుకున్నావు. తల తిప్పి చూశా నేను. కళ్లు గట్టిగా మూసుకుని మరీ పట్టుకున్నావు. వదల్లా."

గోపాలకృష్ణయ్య తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందక్కా" అన్నాడు. నలభై ఆరేళ్లు మోసిన మాట బయటికి వచ్చాక చాలా చిన్నగా వినపడింది.

మణెమ్మ వంగి జుట్టు పాయని రెండు వేళ్లతో ఎత్తి వెలుగులోకి పట్టింది. సాగదీసింది. మూరకి పైనే ఉంది.

"ఇది నాది కాదు," అంది.

"అదేందక్కా?"

"నా జుట్టు రింగులు. ఇది చూడు, దారప్పోగల్లే ఉంది. మర్చిపోయావా, చిన్నప్పుడు గొర్రెబొచ్చు అని ఎక్కిరించేవాడివి." ఆయన మొహంలోకి చూసింది. "దుంగ చెట్టులో ఎక్కడిది? మొదలుదా, పైదా?"

"మొదలు కలప అడితి వాళ్లు తీసుకెళ్లారు. నాది ఆ పైది." లేచి నిలబడి చేత్తో చూపించాడు. "రంపం ఇక్కడ పెట్టారు, నా నడుం దగ్గర. మేకు దాని మీద జానెడు." చెయ్యి ఛాతీ దగ్గర ఆగింది.

"నన్ను కూర్చోబెట్టి కొట్టారు. కళ్లు మూసుకున్నోడివి, నీకేం తెలుసు! నాది మోకాలెత్తున ఉంటది. అది అడితిలో రంపం పళ్లు విరగ్గొట్టి ఉంటదిలే." ఒక్క క్షణం నవ్వి, ఆపేసింది. "ఆ చెట్టుకి నాదొక్కదే అనుకున్నావా? ఎన్నున్నాయో చెట్టుకే తెలుసు. అందర్నీ కూర్చోబెట్టేవాళ్లు. నిలబెట్టి కొట్టింది ఒక్కమనిషికే అని నేను విన్నా."

"ఎవరికి?"

మణెమ్మ జుట్టు పాయని గుడ్డలో పెట్టి, నాలుగు మూలలూ మెల్లగా మడిచింది.

"మీ అమ్మకి."

సందులో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది అందుకుని వెళ్లిపోయేదాకా గోపాలకృష్ణయ్య నిలబడే ఉన్నాడు.

"మా అమ్మకి గాలేందక్కా? అమ్మే గదా ఆ రోజు నిన్ను..."

"పట్టుకుంది. ఒళ్లో కూలేసుకుని, రెండు చేతులూ ఇట్టా వెనక్కి పట్టుకుంది. మంత్రగాడు సుత్తి ఎత్తాడు. అప్పుడు నా చెవిలో అంది. 'ఏడవమాకే. నెప్పెయ్యదు. నాకూ కొట్టారు.' నేను ఏడుపాపి ఆమె మొహం చూశా. ఆమె నా మొహం చూళ్లా, సుత్తినే చూస్తంది."

ఆయన మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

"తర్వాత మా అమ్మనడిగితే చెప్పింది. నువ్వు పుట్టినాక మూణ్ణెల్లు నీ మొహం చూళ్లేదంట. పాలిచ్చేది గాని చూసేది కాదంట. గోడ కేసి తిరిగి పొద్దస్తమానం ఏడుపు. తీసుకెళ్లారు. కూర్చోబెడితే చంకలో నువ్వు గుక్క పట్టేస్తున్నావంట. నిలబడి ఊపుతుంటే ఊరుకున్నావంట. అందుకని నిలబెట్టే కొట్టారు." మణెమ్మ మళ్లీ ఒక కాయ అందుకుంది. "నువ్వు అక్కడే ఉన్నావురా. రెండు సార్లూ ఉన్నావు."

తొడిమ విరిగిన చప్పుడు.

"తనకి తెలిసుండి నిన్నెట్టా పట్టుకుందక్కా?" అన్నాడు.

"ఆ మాట నేను చానా ఏళ్లు అడిగా. ఆమెని కాదు, నాలో నేనే. తనకి తగ్గిందని నమ్మిందేమో. లేదా, తగ్గిందని అంటేనే వదిలిపెడతారని తెలుసుకుందేమో. నాకూ అదే నేర్పుదామనుకుందేమో." చేతులు ఆగలేదు. "చచ్చిపోయింది గదా, ఎవరిని అడుగుతాం? నాకు మాత్రం ఆ మాట పనికొచ్చింది. మళ్లీ అత్తగారింటికి తోలినా, పారిపోయొచ్చినా, ఊళ్లో పేరంటాలకి పిలవకపోయినా... నేనొక్కదాన్నే కాదని ఉండేది."

గోపాలకృష్ణయ్య మూటని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. తేలికగా ఉంది. మూటలో మేకు బరువు తప్ప ఇంకో బరువు లేదు.

"ఆదివారం నువ్వు రావాలక్కా. సింధు శ్రీమంతానికి."

మణెమ్మ పకపకా నవ్వింది. "మగాడు పిలిస్తే పేరంటానికొస్తారంట్రా ఎవరైనా? అరవై రెండేళ్లొచ్చినా నీకు తెలివి రాలా. మీ ఆవిడ భరిణె తీసుకొచ్చి ఈ గడప దగ్గర బొట్టు పెట్టి పిలవాలి." నవ్వు మెల్లగా తగ్గింది. "రాదులే. ఆమెనేం అనమాక. ఒకటి పోగొట్టుకుని ఉందిగా పిల్ల. అట్టాంటప్పుడు ఎవరికైనా భయం ఉంటది. పెళ్లై వచ్చిన కాడ్నించీ ఆమె నా మొహం మీద ఒక్క మాటా అనలా, ఎదురు పడితే పక్కకి తప్పుకునేది, అంతే. పో, ఎండెక్కుతోంది."

*

ఇంటికి చేరేసరికి వంటగది గట్టు మీద పదకొండు నిమ్మకాయలు, పసుపు కొమ్ములు, కొత్త జాకెట్టు ముక్క సిద్ధంగా ఉన్నాయి. పక్కనే కాగితం పొట్లంలో ఒక కొత్త మేకు. పాతది చాలకపోతే పనికొస్తుందని చెప్పాడట ఎడ్లపాడు ఆయన.

"రేపు పదిన్నరకి వస్తానన్నాడు," అంది వీరరాఘవమ్మ. "బ్యాంకులో ఇంతసేపా?"

"బ్యాంకుకి వెళ్లలేదు."

ఆయన చెప్పాడు. దాచకుండా, మణెమ్మ మాటలు మణెమ్మ చెప్పినట్టే చెప్పాడు. తన తల్లి పేరు వచ్చిన చోట మాత్రం ఒకసారి ఆగి, మంచినీళ్లు తాగి చెప్పాడు. వీరరాఘవమ్మ పొయ్యి కట్టేసి, గట్టుకి ఆనుకుని విన్నది. ఎక్కడా అడ్డం రాలేదు. అయిపోయాక నిమ్మకాయల్ని ఒక్కొక్కటే బుట్టలో వెయ్యడం మొదలుపెట్టింది. నాలుగైదు వేశాక ఆగింది.

"సింధు పుట్టినప్పుడు నేనూ ఏడ్చాను," అంది.

"నువ్వా?"

"మీకు షిఫ్టులు. పొద్దున వచ్చి పడుకునేవాళ్లు. పిల్లని నా పక్కలో వేస్తే ఎవరి పిల్లో అనిపించేది. చెయ్యి వేసేదాన్ని కాదు. మా అమ్మ భయపడి తాయెత్తు కట్టించుకొచ్చింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి లోపలికి రానివ్వలేదు. 'నా కోడలికేం కాలేదు. ఏడవనీండి. పిల్లని నేను చూసుకుంటా,' అన్నారు. నలభై రోజులు నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నారు. నా జుట్టు ఆవిడే దువ్వేది. ఎవర్నీ తాకనిచ్చేది కాదు." వీరరాఘవమ్మ చేతిలో నిమ్మకాయని చూస్తోంది. "పంతం మనిషి, మా అమ్మంటే పడక అట్లా చేసిందనుకున్నా ఇన్నాళ్లూ."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడైనా అడిగారా?"

పక్క గది తలుపు దగ్గర సింధు నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. నడుం మీద చెయ్యి, కళ్ల కింద నీరు దిగిన మొహం.

"అమ్మా," అంది. "రేపు నేనూ అట్లా ఏడిస్తే?"

వీరరాఘవమ్మ వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

మర్నాడు తొమ్మిదింటికి, కుంకుమ భరిణె చేతిసంచిలో వేసుకుని ఆమె గుమ్మం దిగింది. ఎడ్లపాడు ఆయనకి ఫోను చేసి రావద్దని చెప్పేటప్పుడు గొంతు పీలగా పలికింది. "ఏమనుకోమాకండి, శాంతి తర్వాత చేయిస్తాం," అంది. ఎందుకైనా మంచిదన్నట్టు.

"నేనూ వస్తా," అన్నాడు గోపాలకృష్ణయ్య.

"వద్దు. ఇది ఆడవాళ్ల పని."

మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పింది. "వస్తాననలేదు, రాననలేదు. బొట్టు పెడుతుంటే కళ్లు మూసుకోలేదండీ. ఎవరైనా మూసుకుంటారు గదా. నా కళ్లల్లోకే చూస్తూ కూర్చుంది. నాకు ఊపిరాడలేదు."

*

శనివారం ఆయన అమరావతి వెళ్లాడు. స్వామి దర్శనం చేసుకుని, మెట్లు దిగి, కృష్ణ ఒడ్డున కూర్చున్న బ్రాహ్మణుణ్ణి పిలిచాడు.

"ఎవరి పేరున బాబూ?"

"మా అమ్మ. సుబ్బరత్నమ్మ."

"పోయి ఎన్నాళ్లయింది?"

తల్లి కన్నుమూసింది తొమ్మిదేళ్ల కిందట. ఆ అస్థికలు ఈ రేవులోనే కలిపాడు. చేతిలో ఉన్నది అరవై రెండేళ్ల నాటిది. బతికుండగానే ఆమెలోంచి తీసి చెట్టుకి అప్పజెప్పిన ముక్క. దానికి తిథి ఏమిటి?

"తొమ్మిదేళ్లు," అన్నాడు చివరికి.

మంత్రం చెప్పినంతసేపూ చెప్పినట్టే అన్నాడు. మోకాలి లోతు నీళ్లలో దిగి గుడ్డ విప్పాడు. పాయ నీళ్ల మీద ఒక్కసారి విచ్చుకుంది. నూనె రాసిన జుట్టు తలంటికి విప్పుకున్నట్టు విచ్చుకుని, మెల్లగా పక్కకి తిరిగి పోయింది. తనని మూణ్ణెల్లు చూడని మనిషి, తర్వాత జీవితమంతా తన మీది నుంచి కళ్లు తిప్పని మనిషి. బడి నుంచి వచ్చే వేళకి అరుగు మీద ఉండేది. షిఫ్టు నుంచి వచ్చే వేళకీ ఉండేది. విసుక్కునేవాడు. ఎందుకమ్మా అట్లా చూస్తావని ఒకసారి కసిరాడు కూడా. ఆమె అప్పుడేమందో గుర్తు రాలేదు. నీళ్లలో నిలబడి ఎంత వెతికినా గుర్తు రాలేదు.

మేకుని మాత్రం నదిలో వెయ్యబుద్ధి కాలేదు. ఎవరైనా స్నానానికి దిగితే కాలికి గుచ్చుకుంటుందని జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం షెడ్డులో ఉలికి అంచు పట్టి, మిగిలిన లోతు తొలిచాడు. మేకు ఉన్న చోట చిటికెనవేలంత బెజ్జం మిగిలింది, దాని చుట్టూ నల్లచార. లక్క పెట్టి పూడ్చవచ్చు. లక్క బిళ్ల తీశాడు, దీపం మీద వేడి చేశాడు, మళ్లీ చల్లారనిచ్చాడు. గరుకు కాగితం పట్టి, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి రుద్దాడు. పచ్చి కర్ర, ఎండేకొద్దీ కొంచెం వంకర పోతుంది. పోనీ అనుకున్నాడు.

*

ఆదివారం పదింటికి ఇల్లంతా ఆడవాళ్లే. హాల్లో కుర్చీ వేసి సింధుని కూర్చోబెట్టారు. చలిమిడి, పళ్లు, పూలు, చింతకర్ర గిన్నె నిండా ఆకుపచ్చ, ఎర్ర గాజులు. మగవాళ్లకి అక్కడ పని లేదు. అల్లుడు టిఫిన్లు తేవడానికి వెళ్లాడు. గోపాలకృష్ణయ్య బయట మెట్ల మీద కూర్చున్నాడు.

పదిన్నరకి ఆటో ఆగింది. మణెమ్మ దిగింది. ఉతికి గంజి పెట్టిన నేత చీర, చేతిలో రవికగుడ్డ, అరటిపళ్ల కవరు. పొట్టి జుట్టులో ఒక పక్కగా రెండు మల్లెలు, పిన్నుతో నిలబెట్టుకుంది. తమ్ముడి వంక చూసి, "ఏందిరా, వాకిట్లో కుక్కని కట్టేసినట్టు నిన్ను కూర్చోబెట్టారేంది?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లింది.

లోపల మాటలు ఆగిపోయాయి.

ఆయన అక్కడి నుంచి ఏమీ చూడలేడు. ఆ నిశ్శబ్దం మాత్రం మెట్ల దాకా వచ్చింది. ఎవరో పసిపిల్లని ఎత్తుకుని పక్కగదిలోకి వెళ్లిన అడుగుల చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ ఊరి నుంచి వచ్చిన చుట్టాలు నలుగురున్నారు, అందరికీ తెలుసు. లేచి లోపలికి వెళ్లాలనిపించింది. వెళ్లి ఏం చెయ్యాలో తెలియలేదు. భయం వేసింది. ఆ భయం మణెమ్మక్క గురించా, లోపలున్న పిల్ల గురించా, కడుపులో ఉన్నదాని గురించా అని తనని తాను అడిగి చూసుకున్నాడు. అన్నింటి గురించీ ఉంది. దీపం పెట్టాడు, నదికి వెళ్లాడు, అయినా ఉంది.

అప్పుడు వీరరాఘవమ్మ గొంతు వినపడింది. పీలగా, ఎక్కడో తెగిపోతుందన్నట్టు.

"రండి వదినా. మొదటి గాజు మీరే తొడగాలి."

"నేనా?" మణెమ్మ నెమ్మదిగా అంది. "వద్దులే అమ్మాయ్. గాజు ఇస్తుంటేనే నీ చెయ్యి వణుకుతోంది."

"వణకనీండి," అంది వీరరాఘవమ్మ.

కుర్చీ దగ్గరికి జరిపిన పీట చప్పుడైంది. గోపాలకృష్ణయ్య మెట్టు అంచు పట్టుకున్నాడు.

"అబ్బా! అత్తా, మెల్లగా," అంది సింధు. "వాచిపోయాయి చేతులు. ఎక్కదు."

"ఎందుకెక్కదు? ఏడో నెల, నీరు పట్టదా మరి? వేళ్లు మడువు. అట్టా కాదు, బొటనవేలు లోపలికి పెట్టు." మణెమ్మ గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "సబ్బునీళ్లు తెండే ఎవరన్నా! చూస్తా నిలబడ్డారేంది అందరూ, బొమ్మల్లాగా?"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ఎవరిదో పట్టుచీర గరగరలాడింది. ఒక జత కాళ్లు పెరటి కుళాయి వైపు గబగబా నడిచాయి, వాటి వెనక ఇంకో జత.